నీలంలో పట్టుపోగులు

రాళ్లను చూసి చూసే నీ కళ్లు పోయాయా అవ్వా అని మొన్న ఫోన్లో అడిగావు కదా చిన్నోడా, లేదు నాయనా. వయసుకు మసకబారాయి. ఒక్క రాయి కూడా చూడని మా చెల్లెలికీ ఈ వయసులోనే కంట్లో పొర వచ్చింది. పనిని తప్పు పట్టాల్సిన పనిలేదు. పని నా మెడ పట్టేసింది, నడుము పట్టేసింది, కళ్లను మాత్రం వదిలేసింది.

మీ అక్క నిత్య జైపూర్‌లో రాళ్ల పరీక్ష చేసే ల్యాబులో చేరిందని మీ నాయన చెప్పాడు. సంతోషం. అందుకే ఇది రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్లు, పరికరాల పేర్లు ఆమెకు అక్కడే చెప్తారు. నేను చెప్పేది వేరే. మైక్రోస్కోపు కింద రాయిని పెట్టి, దాని లోపల ఉండేదాన్ని ఫొటో తీయడమే నేను బతుకంతా చేసిన పని. అది ఎట్లాంటి పనో కొంచెం చెప్తాను. ఓపిక ఉన్నంత వరకే.

గుండ్ల మీద మెరుపు

నేను రాళ్ల చదువు చదవలేదు. మా నాయనకు తిరుపతిలో, అలిపిరి పోయే దారిలో ఫొటో స్టూడియో ఉండేది. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగి వచ్చిన కుటుంబాలు మా దగ్గర ఆగేవి. ఏడుకొండలు గీసిన పరదా ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీసేవాళ్లం. తాత గుండు, కొడుకు గుండు, మనవడి గుండు, అన్నింటికీ తడి చందనం. లైటు వేస్తే గుండ్లు దీపాల మాదిరి వెలిగి, కింద ముఖాలు కనపడేవి కాదు. ఆ మెరుపును చంపడం నాయన నాకు నేర్పించాడు. లైటును ఎదురుగా పెట్టకూడదు. పక్కకు తిప్పి, ముందర పల్చటి గుడ్డ కట్టి, గోడకు కొట్టి వెనక్కి రానియ్యాలి.

పెళ్లయి, పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక, రంగనాథం సారు ఊళ్లో రాళ్ల పరీక్షకు ఒక చిన్న ల్యాబు తెరిచాడు. ఆయన చిత్తూరు మనిషి. తిరుపతిలో నవరత్నాల ఉంగరాలు అమ్మే అంగళ్లు ఎన్ని ఉన్నాయో మీరు చూశారు. కొన్నవాళ్లకు ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానం మీదే మా ల్యాబు నడిచింది. సారుకు రాయి తెలుసు కానీ ఫొటో రాదు. నన్ను పిలిపించి, మైక్రోస్కోపు మీద కెమెరా బిగించి, "ఈడ మెరుపు సంపల్లమ్మా, నీకొస్తాదా?" అని అడిగాడు.

"చందనం పూసిన గుండ్లకే సంపినాను సార్," అన్నాను.

ఆయన నవ్వి, ఆ రోజే పనిలో పెట్టుకున్నాడు.

నూలుమిల్లు

నా మొదటి ఫొటో చూసి ఆయన మళ్లీ నవ్వాడు. కెంపు లోపల తెల్లటి దారం ఒకటి వంకర తిరిగి చాలా అందంగా ఉందని నేను మురిసిపోతున్నాను.

"ఇదేందమ్మా, కెంపులో నూలుమిల్లు పెట్టినావే!"

అది నా చీర పోగు. రాయి పైన పడి ఉంది. లోపలేముంది, పైనేముంది అనే తేడా నాకు అప్పటికి తెలియదు. నిత్యా, నువ్వు ఏ యంత్రమైనా ముట్టుకో, ముందు రాయిని కడుగు. కడిగాక ఉత్త కంటితో చూడు. ఎవరు తెచ్చారు, ఎంత పెట్టి కొన్నారు అని వినకముందే చూడు. కథ విన్నాక కన్ను కథనే చూస్తుంది. సారు దగ్గర నేను నేర్చుకున్న పెద్ద చదువు ఇదే. మిగతావన్నీ చిల్లర.

ఆయనలో ఒక లోపమూ ఉండేది. చెప్పకపోతే అబద్ధం అవుతుంది. రాయిని తెచ్చిన మనిషిని ఆయన చూసేవాడు కాదు. "రాయిలో ఉండేది సెప్పి పంపీమ్మా, మనకెందుకు ఇంటి గలాటాలు," అనేవాడు. ఆ మాటలో న్యాయం లేదని అనను. కానీ రాయి ఒంటరిగా మెట్లెక్కి రాదు కదా.

లోపల ఏముంటుంది

పూరింటి కప్పు సందులోంచి ఎండ పడితే గాల్లో దుమ్ము మెరవడం చూశారా? మేం చేసేది అదే. రాయి వెనకాల చీకటి పెట్టి, పక్క నుంచి వెలుతురు పంపిస్తాం. అప్పుడు రాయి మాయమై, దాని లోపల చిక్కుకున్నవి వెలుగుతాయి.

పచ్చలో పాకుడు పట్టిన బావి గోడ మాదిరి తీగలు తీగలుగా ఉంటాయి. ఒక పచ్చలో చిన్న నీటి చుక్క, ఆ చుక్కలో గాలి బుడగ. రాయిని వంచితే బుడగ అటు జరిగేది, ఇటు వంచితే ఇటు జరిగేది. భూమి లోపల రాయి గట్టిపడేటప్పుడు చిక్కుకున్న నీళ్లు అవి. మనుషులు లేని కాలపు నీళ్లు. నేను దాన్ని వంచుతూ, వంచుతూ అన్నం తినడం మర్చిపోయాను. లేత ఆకుపచ్చ రాయి ఒకటి ఉంటుంది, అందులో తామరాకులు పరిచినట్టు గుండ్రటి పొరలు. ఇంకొకదానిలో నల్ల గింజ, దాని చుట్టూ వెలుతురు వలయం. వానాకాలం చందమామకు గుడి కట్టినట్టు.

ఇవన్నీ నేను చూశాను. తెచ్చినవాళ్లలో చూడాలనుకున్నవాళ్లు తక్కువ. "శుభ్రంగా ఉండాదా లేదా అది సెప్పమ్మా," అనేవాళ్లు. లోపల ఏమీ లేకుండా, కడిగిన గాజుగ్లాసు మాదిరి ఉండాలి వాళ్లకు. అట్లాంటి రాయి ఎక్కువగా బట్టీలో మనుషులు చేసిందే. దానిలోనూ వెతికితే గుండ్రటి బుడగలు, వంపు తిరిగిన గీతలు ఉంటాయి. భూమి అట్లా వంపుగా గీయదు. కానీ కంటికి శుభ్రం కదా, బట్టీ రాయిని కళ్లకద్దుకుని, భూమిలో దొరికిన పుట్టు రాయిని మచ్చ ఉందని తిప్పి పంపేవాళ్లు. ఎన్నిసార్లు చూశానో. మొదట్లో వాదించేదాన్ని. తర్వాత అలసిపోయాను.

అంగళ్లవాళ్లు కొందరు ఇంకో రకం. "లైటు కొంచెం ఆ పక్కకు తిప్పమ్మా, పగులు కనపడకుండా పోతాది," అనేవాళ్లు. నిజమే, పోతుంది. అందాన్ని చూపించే వెలుతురే దాచను కూడా దాస్తుంది. అడిగినవాళ్లందరికీ కుదరదని చెప్పడమే ఈ పనిలో సగం అలసట. నీకూ అడుగుతారు నిత్యా. మర్యాదగా కుదరదని చెప్పి టీ ఇప్పించి పంపించు.

మచ్చ లేదని రాసియ్యండి

ఇప్పుడు చెప్పేది నేను పని మానేయడానికి కొంచెం ముందు జరిగింది. మిగతావి మర్చిపోయినా ఇది గుర్తు పెట్టుకోండి.

ఒక మధ్యాహ్నం ఏర్పేడు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు మునిలక్ష్మి. ముప్పై దాటి ఉండదు. కొంగు ముడి విప్పి ఒక మగవాళ్ల ఉంగరం బల్ల మీద పెట్టింది. నీలం రాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దీంట్లో మచ్చ ల్యాదని రాసియ్యల్ల సార్ మీరు."

"సూడకముందే ఎట్లా రాసేదమ్మా?" అన్నాడు సారు.

"సూడండి సార్, ఎవురొద్దనినారు? సూసి, ల్యాదని రాయండి."

నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగాక మెల్లగా చెప్పింది. ఆమె, భర్త గజేంద్ర, అత్త చెంగమ్మ కలిసి ఏర్పేడులో రోడ్డు పక్కన టిఫిను అంగడి నడిపేవాళ్లు. గజేంద్రకు ఏలినాటి శని నడుస్తోందని ఎవరో చెప్తే, దానికి నీలం మంచిదని ఈమే కొని పెట్టింది. నీలం అంటే మనవైపు భయం మీకు తెలుసు కదా. పడితే నిలబెడుతుంది, పడకపోతే పడగొడుతుంది అంటారు.

"ఊరికే పెట్టుకోలేదమ్మా. దిండు కింద పెట్టుకోని పండుకొని, సెడ్డ కలలు రాలేదని సూసుకున్నాకే ఏలికి పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు. ఒకపొద్దు పిండి రుబ్బతా రుబ్బతా గుండె పట్టుకోని కూలబడినాడు. అంతే."

ఏడాది కావస్తోంది. సంవత్సరీకం అయ్యాక ఆ ఉంగరాన్ని కొండకు తీసుకుపోయి హుండీలో వేస్తానని చెంగమ్మ మొక్కుకుంది. ఈలోగా ఎవరో ఆమె చెవిన వేశారు. మచ్చ ఉన్న రాయిని స్వామికి ఇవ్వకూడదు, అట్లాంటి రాయి ఇంట్లో మనిషిని మింగేస్తుంది అని.

"మచ్చ ల్యాకుంటే హుండీలో ఏస్తానంటాది మాయత్త. ఉంటే, అదే నా కొడుకును తినింది, తెచ్చిన దానివి నువ్వు, నీ బిడ్డనెత్తుకోని మీ అమ్మగారింటికి పో అంటాది. నేను యాడికి పోయేదమ్మా? మాయమ్మ మా అన్న పంచన ఉండాది. అంగడి తప్ప నాకేమి తెల్సు?"

సారు ఉంగరాన్ని కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశాడు. తలెత్తి నాతో ఇంగ్లీషులో చెప్పబోయి, ఆ అమ్మాయి ముఖం చూసి తెలుగులోనే చెప్పాడు.

"సూడమ్మా. దీంట్లో ఏమీ ల్యాకుండా ఉంటే అది బట్టీ రాయి. దొంగ రాయి కట్టినావు, అందుకే కాపాడలేదు అంటాది మీయత్త. కానీ ఇది పుట్టు రాయే. పుట్టు రాయి కాబట్టి లోపల ఉండాయి. ఉండాయంటే దోషమంటాది. ఏది రాసినా మునిగేది నువ్వే."

మునిలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"అయితే సార్, ఉంగరమెందుకు? నా తలకాయే పెట్టండి మిషన్ కింద. ఆ రాతేందో సూసి రాసియ్యండి."

నేను కుర్చీ లాక్కుని కెమెరా ముందు కూర్చున్నాను. రాయి ఉంగరంలో బిగించి ఉంటే వెలుతురు లోపలికి పంపడం కష్టం, బంగారం అడ్డం పడుతుంది. సన్నటి లైటు గొట్టాన్ని చేత్తో పట్టుకుని, పై నుంచి ఏటవాలుగా, వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. ఒక చోట ఒక్కసారిగా వెలిగింది.

పట్టుపోగులు. నీలాల్లో ఉండేవే, అంతకుముందూ చూశాను. కానీ ఇంత నిండుగా, ఇంత ఒద్దికగా నేను చూడలేదు. మూడు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి దాటుకుని పోతున్న సన్నటి సూదులు. మగ్గం మీద పడుగు పోసినట్టు. కొన్ని తెలుపు, కొన్ని లైటు తగిలిన చోట గులాబీ, పసుపు. రంగు పెరగాలని రాయిని మంటలో కాస్తే ఇవి కరిగి చుక్కలు చుక్కలుగా తెగిపోతాయి. ఇందులో ఒక్కటీ తెగలేదు. భూమి ఎట్లా ఇచ్చిందో అట్లే ఉంది. ఆ అమ్మాయి మోసపోలేదు. మంచి రాయే తెచ్చి ఇచ్చింది మొగుడికి.

తెర మీద ఫొటో చూపించాను. మునిలక్ష్మి దగ్గరికి వచ్చి, ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదేందమ్మా, పట్టుచీర మాదిరి ఉండాదే! ఇది నా ఉంగరమేనా?"

"నీదే."

"ఆయన ఏలికి ఇదా ఉన్నింది?" అని, అప్పుడు ఏడ్చింది. వచ్చినప్పటి నుంచి అప్పుడే.

ఫొటో ప్రింటు తీసి ఇచ్చాను. అయితే దాన్ని చూసి ఆమె అత్త ఏమంటుందో నాకు తెలుసు. "మీయత్తను పిలుచుకోని రా," అన్నాను. ఆమె వెళ్లాక సారు నన్ను కోప్పడ్డాడు. మనం రాళ్లు చూసేవాళ్లం, పంచాయితీ పెద్దలం కాదు అన్నాడు. నిజమే అన్నాను. అలసటగా ఉండి వాదించలేదు.

కమ్మలు

రెండో రోజో మూడో రోజో చెంగమ్మ వచ్చింది, కోడల్ని వెంటబెట్టుకుని. నా వయసు మనిషే. గట్టి ఎముక. చెవులకు పాతకాలపు ఎర్రరాళ్ల కమ్మలు. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే మొదలుపెట్టింది.

"మిషన్లో సూసి మా ఇంటి కత సెప్తారంట, నువ్వేనామ్మా?"

"ఇంటి కత నాకేం తెల్సు అక్కా? రాయి కత సెప్తా, కూసో."

తెర మీద ఫొటో పెట్టాను. ఆమె కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

"ఇదే పట్టంట, నా కోడలు సెప్పింది. పట్టో గిట్టో. మచ్చ మచ్చే కదా? పాలల్లో ఈగ పడితే ముత్యమంటామా?"

"అత్తా, గమ్మునుండు, ఆమె సెప్పేది ఇను," అంది మునిలక్ష్మి.

"నువ్వు గమ్మునుండుమే. నీ మాట ఇనే నా కొడుకు పోయినాడు."

అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. అరిచి ఉంటే బాగుండేది. కొడుకు పోయిన మనిషికి ఏదో ఒకదాన్ని పట్టుకుని కొట్టాలి. రాయి చేతికి దొరికింది, రాయి పక్కన కోడలు దొరికింది. చెడ్డ మనిషని నాకు అనిపించలేదు.

"అక్కా, భూమిలో పుట్టిన రాయి ఏదైనా లోపల ఏదో ఒకటి ఉంటాది. ఇది మనమెవరమూ పుట్టకముందే దీంట్లో ఉండాది. దోషం కాదు."

"అన్ని రాళ్లల్లో ఉంటాదా? అట్లయితే సూపించు."

"నీ సెవుల్లోవే సూపిస్తా. తీసియ్యి."

ఆ కమ్మలు ఆమె పెళ్లికి తల్లి పెట్టినవట. అప్పటి నుంచి చెవి నుంచి దిగలేదు. మర బిగుసుకుపోయి తిరగలేదు. నేను కొబ్బరినూనె తెచ్చాను. మునిలక్ష్మి అత్త పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చుక్క చుక్క వేసి, చెవి తమ్మె నొప్పి పుట్టకుండా రెండు వేళ్లతో పట్టుకుని తిప్పసాగింది. "నొప్పిగా ఉండాదా అత్తా?" అని అడుగుతూనే ఉంది. చెంగమ్మ తల కోడలి వైపుకు వంచి పెట్టింది.

కమ్మను కడిగి మైక్రోస్కోపు కింద పెట్టాను. మధ్య కెంపు మంచిది. లోపల మాత్రం నిండా ఉన్నాయి. పట్టు ఉంది, ఈక మాదిరి పరుచుకున్న పగులు ఉంది, గింజలున్నాయి. వెలుతురు పెడితే నిప్పుల మీద బూడిద ఎగిరినట్టు ఉంది. నీలం కంటే దీంట్లోనే ఎక్కువ.

"ఇంద, నువ్వే సూడక్కా," అని ఆమెను కూర్చోబెట్టి, కళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాను. "ఇవి పెట్టుకోనే కదా ఇంతకాలం బతికినావు. నిన్నేం సేసినాయి?"

గెలిచాననుకున్నాను.

ఆమె కళ్లు పెట్టి చూసింది. చూస్తూనే ఉంది. బయట ఆటోలు పోతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఆమె తల ఎత్తదు. చాలాసేపటికి, కళ్లు తీయకుండానే, చాలా చిన్న గొంతుతో అంది.

"గజేంద్ర నాయన పోయినప్పుడు కూడా ఇయ్యే ఉన్నాయమ్మా నా సెవుల్లో."

ఆమె మొగుడు కూడా చిన్న వయసులోనే పోయాడని నాకు తెలియదు. నేను రాయిలో దోషం లేదని చూపించాలనుకున్నాను. ఆమె లెక్క వేరే. రాయి లోపలి మచ్చే మనిషిని తింటుందంటే, కోడలు తెచ్చిన రాయి తన కొడుకును తిన్నట్టే, తన చెవిలోని రాయి తన మొగుణ్ణి తిన్నట్టు. కోడల్ని అన్న మాట తిరిగి వచ్చి ఆమె మీదే కూర్చుంది. అది నేను చూపించిన వెలుతురులోనే.

మునిలక్ష్మికి కూడా అర్థమైనట్టుంది. "ఛీ, అవేం మాటలత్తా. మామకు జరం వచ్చి పోయినాడు కదా," అంది. "సాలు, లెయ్యి. పోదాం పా."

చెంగమ్మ లేచింది. కమ్మను మళ్లీ పెట్టుకోలేదు. కొంగున కట్టుకుంది. ఒక చెవికి కమ్మ, ఒక చెవి బోసి. పుట్టు రాయేనని సారు రాసిన రిపోర్టును ఆమె చూడనుకూడా చూడలేదు. ఉంగరాన్ని కోడలు తీసుకుంది. "బిన్నా నడువు, బస్సు పోతాది," అంటూ చెంగమ్మే ముందు దిగింది. దిగేటప్పుడు ఆమె చెయ్యి కోడలి భుజం మీద ఉంది. ప్రేమకా, మెట్ల భయానికా అన్నది నేను చెప్పలేను.

నిత్యకు

దీన్నుంచి ఏం నేర్చుకోవాలి అంటావేమో. నాకు సరిగ్గా తెలియదు తల్లీ. ఫొటో నిజమే చెప్తుంది. చూసేవాళ్లు ఆ నిజాన్ని ఎక్కడికి తీసుకుపోతారో మన చేతిలో లేదు. అందం చూపిస్తే మనుషుల బాధ తీరుతుందని నేను చాలా కాలం నమ్మాను. ఆ రోజు ఆ నమ్మకం కొంచెం పోయింది. అయినా మర్నాడు వెళ్లి ఇంకో రాయి కడిగాను. రాయిని చూడమని సారు చెప్పిన మాట మంచిదే. తెచ్చిన మనిషిని కూడా చూడు. చూపించే ముందు ఆమె ఇంట్లో ఎవరెవరు పోయారో అడుగు. నాకు అది అడగాలని తోచలేదు.

పని మానేశాక ఒకసారి శ్రీకాళహస్తి పోతూ ఏర్పేడులో బస్సు దిగాను. టిఫిను అంగడి వెతుక్కోనక్కర్లేదు, కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. పెనం దగ్గర మునిలక్ష్మి దోసెలు పోస్తోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఈడనే ఉండానమ్మా. మాయత్త పొమ్మని మళ్లీ అనలేదు."

"ఉంగరం?"

"పెట్టెలో పెట్టేసింది. హుండీ మాట ఎత్తదు. నేనూ అడగను." పెనం మీద దోసె మాడుతుంటే మళ్లీ పరిగెత్తింది.

చెంగమ్మ ఇడ్లీ తెచ్చి నా ముందు పెట్టింది. రెండు చెవులకూ కమ్మలున్నాయి. నన్ను గుర్తుపట్టింది, కళ్లలో తెలిసింది, కానీ పలకరించలేదు. ఇడ్లీ మెత్తగా ఉంది. తింటున్నంతసేపూ అడగకూడదనే అనుకున్నాను. ఆమె చట్నీ గిన్నెతో మళ్లీ వచ్చి పక్కన నిలబడినప్పుడు ఆగలేకపోయాను.

"అక్కా, ఆ పొద్దు నీ కమ్మలో అంతసేపు ఏం సూసినావు?"

ఆమె గరిటె ముంచి ఎత్తింది. నా ప్లేటు మీద పట్టుకుని, నా ముఖంలోకి చూసింది.

"ఇంగొంచెం ఎయ్యల్నామ్మా సట్నీ?"